ఎముకల పొయ్యి మీద సంగటి

సభాధ్యక్షురాలు వనజాక్షి గారికి, వేదిక మీద నాకంటే మెత్తని కుర్చీల్లో కూర్చున్న పెద్దలకు, ముందు వరుసల్లోని బంధుమిత్రులకు, వెనక వరుసల్లో నల్ల టీషర్టులు తొడుక్కొని పొద్దుటి నుంచి కేకలు వేసీ వేసీ గొంతులు పోగొట్టుకున్న కుర్రవాళ్లకు, అందరికీ నమస్కారం. ఎస్తేరమ్మా, నీకు విడిగా ఇంకొక నమస్కారం.

నా పేరు రామదాసు అనీ, బుక్కరాయసముద్రంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాననీ ఈ సభ ఏర్పాటు చేసిన మన హరినాథ్ ఇందాక చెప్పాడు. నిజమే గానీ దానికి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అందుకని నన్ను నేనే పరిచయం చేసుకుంటాను. 'ఎముకల పొయ్యి' సినిమాలో ఈ ఎస్తేరమ్మ తిన్న మనిషిని నేనే. (కేకలు, చప్పట్లు)

చూశారా వనజాక్షి గారూ, ఉద్యోగమంతా పాఠాలు చెబితే రాని చప్పట్లు ఒక చేయి పోగొట్టుకుంటే వచ్చాయి. (నవ్వులు) మీరు ఆ సినిమా చూడలేదని నాతో కాఫీ దగ్గర చెప్పారు. మంచి పని చేశారు. చూడని వాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. కరువొచ్చి ఊరంతా బెంగుళూరికి వలసపోతుంది. చెరువుకట్ట అవతల ఇంట్లో ఒక ఆడమనిషి మాత్రం మిగులుతుంది. దారిన పోయేవాణ్ణి పిలిచి, కాళ్లకు నీళ్లిచ్చి, కడుపు నిండా పెడుతుంది. జనాభా లెక్కలు రాసుకోవడానికి వచ్చిన ఒక టీచరు ఆమె వాకిట్లో కూర్చొని తింటూ తింటూ, ఊళ్లో కోడిపిల్ల కూడా లేదు గదా, ఇదేం కూరమ్మా అని అడుగుతాడు. అప్పుడామె అంటుంది...

(వెనక వరుసల నుంచి: "అడగాకప్పా, తిను!")

అదీ. నా క్లాసులో ఎవరైనా ఒక్క పద్యం ఇంత బాగా అప్పజెప్పి ఉంటే నేను ఇంకో రెండేళ్లు సంతోషంగా పనిచేసేవాణ్ణి. (నవ్వులు) ఆ అడిగిన టీచరును నేను. అడిగినందుకు ఏమైందో మీ టీషర్టుల మీదే ఉంది.

ఈ సభలో ఉండవలసిన మనిషి ఒకడు లేడు. ఆ సినిమా తీసిన జయచంద్ర. నాతో పాటు చదువుకున్నవాడు, అనంతపురంలో పెళ్లిళ్లకు వీడియోలు తీసి బతికినవాడు, పోయిన ఎండాకాలం చనిపోయాడు. సినిమా తీసింది పాతికేళ్ల కిందట, శింగనమల చెరువు అడుగుదాకా నెర్రెలిచ్చిన ఏడాది. వానల్లేక పంటల్లేవు, పంటల్లేక పెళ్లిళ్లు లేవు, పెళ్లిళ్లు లేక జయచంద్ర కెమెరా మూలన పడింది. ఖాళీగా ఉన్న కెమెరాతో, ఖాళీగా ఉన్న మనుషులతో, ఖాళీగా ఉన్న ఊళ్లో ఏం సినిమా తీస్తారు? కరువు సినిమా తీస్తే ఎవరూ చూడరు రా, అది ఇంట్లోనే ఉండాది, దయ్యం సినిమా తీస్తా అన్నాడు. చివరికి తీసింది మాత్రం కరువు సినిమానే. పెళ్లి పందిళ్ల లైట్లు, అరువు జనరేటరు, నటించడం చేతకాని నేను, ఇవీ అతని ఆస్తులు. ఆస్తుల్లో విలువైనది ఒకటే, ఎస్తేరమ్మ ముఖం.

ఆ ముఖం అతనికి ఎక్కడ దొరికిందో చెబుతాను, ఎందుకంటే నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా అక్కడే మొదలవుతుంది. శింగనమల అవతల వాళ్ల ఊళ్లో చర్చి ఉంది. ఏటా క్రిస్మస్ ఆరాధన అయిపోయాక అక్కడ ప్రేమవిందు పెడతారు. ఊళ్లో విశ్వాసులంతా ఒకే పందిట్లో కూర్చొని ఒకే పొయ్యి మీది తిండి తింటారు. ఆ పొయ్యి ఎస్తేరమ్మది. పెళ్లయి ఆ ఊరికి వచ్చిన కొత్తలోనే వాళ్ల అత్త చేతిలోంచి తెడ్డు అందుకుందట. ఆ విందును వీడియో తీయడానికి పోయిన జయచంద్ర, పెద్ద గుండిగలో సంగటి కెలుకుతూ పొగలోంచి తలెత్తి చూసిన ఈమెను చూశాడు. ఈ మొగమే నాకు కావాల అనుకున్నాడు. వేలమందికి పెట్టిన చేయిని చూసి, తినే నోరుగా వాడుకోవాలని అతనికి తోచింది. అతను నా స్నేహితుడు, పోయినవాడు, ఇంతకంటే ఏమీ అనను.

ఇక ఆ చేయి సంగతి. నా చేయి. (నవ్వులు) ఆ సీను తీసిన రోజు పొద్దున జయచంద్ర శింగనమలలో గొర్రెమాంసం తెప్పించి, కెమెరా పట్టే చెన్నప్పతో యాంగిల్ పెట్టించి, అంతా సిద్ధం చేసి పిలిస్తే, ఎస్తేరమ్మ వచ్చి ఆ మాంసం చూసి నిలబడిపోయింది. "శ్రమల దినాలన్నా. ఈస్టరు పండగ దాకా నేను నీసు ముట్టను" అంది. జయచంద్ర బతిమాలాడు, అరిచాడు, కట్ట మీద అటూ ఇటూ తిరిగాడు. సినిమా అంతా ఆ ఒక్క సీను మీద నిలబడి ఉంది, ఆమె మాత్రం ఉపవాసాల మీద నిలబడి ఉంది. కాసేపటికి ఆమే అతన్ని పిలిచి, ఎవురింట్లోనైనా రాగిపిండి ఉంటే తెప్పించు అంది. ఎర్రగా కావాలంటే బీట్‌రూట్లు తెమ్మంది.

సంగటి కెలికింది. నా చేయి పట్టుకొని జానలతో కొలుచుకుంది. ఒక కట్టెకు సంగటి మెత్తి, తడిచేత్తో మోచేయి తీర్చి, మణికట్టు తీర్చి, పలచని రాగిదోసె పోసి దాన్ని చర్మంలాగా పైన చుట్టింది. మీరు సెల్‌ఫోన్లలో ఆపి ఆపి చూసే ఆ చర్మం, లాగితే సాగి చిరిగే ఆ చర్మం, రాగిదోసె.

నేను పక్కనే చాప మీద, చేయి దుప్పటి కింద దాచుకొని, చచ్చినవాడిలాగా పడుకొని ఉన్నాను. చెన్నప్ప కెమెరా తిప్పాడు. ఎస్తేరమ్మ ఆ చేయిని ఒళ్లో పెట్టుకుంది, కళ్లు మూసుకుంది, పెదవులు కదిలించింది, తరవాత తినింది. ఆ కళ్లు మూసుకున్న బొమ్మే మీ టీషర్టుల మీద ఉంది. ఆ పెదవులు కదిలిన క్షణం గురించే మీరు ఇంటర్నెట్టులో పోట్లాడుకుంటున్నారు. జయచంద్ర తరవాత ఆ చోట మాటలు తీసేసి డప్పులు పెట్టాడు కాబట్టి ఆమె ఏమన్నదో ఎవరికీ వినబడదు. కాష్మోరా మంత్రమని ఒకరు రాశారు. మడకశిర నుంచి వచ్చిన తమ్ముడొకడు అది పాత కన్నడంలో చేతబడి మంత్రమని ఇందాక బయట నాకు వివరంగా చెప్పాడు. తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నేను ఆమె మోకాలి పక్కన పడుకొని విన్నాను. ఆ మంత్రం చెబుతాను, రాసుకోండి.

"ప్రభువా, ఈ పూట కూడు పెట్టినావు, నీకు స్తోత్రం. ఈ ఊర్లో పొయ్యి రాజెయ్యని ఇండ్లు శానా ఉండాయి. వాళ్లకు గూడా పెట్టు తండ్రీ."

అంతే. ముందర తిండి ఉంటే ప్రార్థన చేయకుండా ఆమె నోట్లో పెట్టుకోదు. కెమెరా ఉన్నా అంతే, ఆ తిండి నా చేయి ఆకారంలో ఉన్నా అంతే.

షాటు అయిపోయాక ఏమైందో కూడా వినండి. కరువు ఏడాది, సంగటి పారబోసే మొనగాడు ఎవరున్నారు? కట్ట నీడన అందరం కూర్చున్నాం. ఎస్తేరమ్మ ఇంటి నుంచి శెనక్కాయల ఊరిబిండి తెచ్చి ఉంది. నూరిన పచ్చడి వాసనకే ఆకలి రెట్టింపయ్యింది. మిగిలిన చేయిని తలా ఇంత తుంచుకొని అద్దుకొని తిన్నాం. మణికట్టు నాకు వచ్చింది. నా చేయి నేనే తిన్నానని చెప్పుకోగల మనిషి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. (నవ్వులు) అంత రుచి గల సంగటి నేను మళ్లీ తినలేదు. ఆకలి వల్ల అనుకున్నా సరే, ఆమె చేయి అట్లాంటిదనుకున్నా సరే.

ఆ రోజే జయచంద్ర ఆమె దగ్గర ఒక మాట తీసుకున్నాడు. అది సంగటి అని ఎవరికీ చెప్పకు ఎస్తేరూ, తెలిస్తే భయం పోతుంది, భయం పోతే నా సినిమా పోతుంది అన్నాడు. ఆమె సరేనన్నా అంది. మీలో ఎవరైనా అయితే ఆ సరేను వారం రోజుల్లో మరిచిపోయేవారు.

సినిమా టౌనులో ఆడలేదు. కానీ కేబుల్ టీవీ ఆయనకు వేయడానికి వేరే ఏమీ లేనప్పుడల్లా అదే వేశాడు. పల్లెల్లో చూశారు. పిల్లలు జడుసుకున్నారు. ఆ తరవాత ఏమైందంటే, ఎవరూ ఏమీ అనలేదు. అది గమనించండి. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు. ఆ ఏడాది క్రిస్మస్‌కు చర్చి సంఘపెద్దలు ఆమె ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చొని, నీళ్లు తాగకుండా, "ఎస్తేరమ్మా, ఎన్నేండ్లు చేసినావు, ఈ యేడు నువ్వు కూసోమ్మా, పిల్లోళ్లు చేస్తార్లే" అని చెప్పి వెళ్లారు. ఈ యేడు అన్న మాట ఈ యేటి దాకా నడుస్తోంది. ఆమె ప్రతి క్రిస్మస్‌కూ పందిట్లో కూర్చుంటుంది, ఎవరో వడ్డిస్తే తింటుంది.

శెనక్కాయ చేన్లలో కలుపు తీయడానికి పోయే ఆడవాళ్ల సంగతి మీకు తెలుసు. మధ్యాహ్నం అందరూ సద్దులు విప్పి మధ్యలో పెట్టి, ఒకరి ఊరగాయ ఒకరు, ఒకరి పచ్చడి ఒకరు అందుకొని తింటారు. ఎస్తేరమ్మ సద్దిలోకి చేయి రావడం ఆగిపోయింది. ఆమె పచ్చడి ముందరికి జరిపితే, సుంకమ్మ అనే ఆమె, కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈమెకు జతగత్తె, ఈ పొద్దు కడుపు బాగలేదక్కా అనేదట. ఆమె కడుపు ఎన్ని సీజన్లు బాగాలేదో నేను లెక్క పెట్టలేదు.

సారూ, సినిమాకు జడిసి పెద్దవాళ్లు కూడా ఇట్లా చేస్తారా అని వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. అబద్ధం చెప్పను. మా అమ్మ లక్ష్మీనరసమ్మ ధర్మవరంలో మగ్గం పక్కన పుట్టి పెరిగిన మనిషి. కేబుల్లో కొడుకును తినేయడం చూసి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది, తరవాత కళ్లు తుడుచుకొని "ఆయమ్మ వండింది నువ్వు నిజంగా తిన్యావా?" అని అడిగింది. ఆమె అడిగింది మనిషి మాంసం గురించి కాదని నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఎస్తేరమ్మ చేతి తిండి తినకుండా ఉండడానికి మా ఇళ్లకు ఏ సినిమా అక్కర్లేదు, అంతకు ముందు ఎన్ని తరాలుగా తిన్నాం గనుక. కానీ ఆమెకు తన వాళ్లదంటూ ఒక పందిరి ఉండేది. అక్కడ ఆమె చేయి పెద్ద చేయి. సినిమా వచ్చి ఆ ఒక్కటీ తీసుకుపోయింది. నాకు బాధ అక్కడ. కోపం కూడా అక్కడే.

నేను చెప్పలేదా అంటే, చెప్పాను. బస్టాండులో చెప్పాను, పెద్దల దగ్గరికి పోయి చెప్పాను. అది సంగటి, అది ప్రార్థన అన్నాను. మీరు చెప్తే ఎట్ల సారూ, ఆయమ్మను చెప్పనీ అన్నారు. ఆమెను అడిగితే, "మాట ఇచ్చినాను అయ్యవారూ" అంది. ఆ మాట పట్టుకొనే కూతురి పెళ్లి కూడా చేసింది. ఇదిగో కృపాకుమారి, ముందు వరుసలోనే ఉంది. నువ్వు ఏడవకమ్మా, నేను ఎక్కువ చెప్పను. మగపెళ్లివాళ్లు వంట మాత్రం బయటోళ్లతో చేయించండి అని మర్యాదగా కబురు పంపారు. బుక్కరాయసముద్రం నుంచి వంటవాళ్లు వచ్చారు. నేను ఆ పెళ్లికి పోయాను. కూతురి పెళ్లిలో తల్లి, పట్టుచీర కట్టుకొని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, పొగ వచ్చే వైపు చూస్తూ కూర్చుంది. నా ఉద్యోగంలో ఎన్నో చూశాను గానీ అట్లాంటి చేతులు చూడలేదు.

పోయిన ఎండాకాలం జయచంద్ర మంచాన పడినప్పుడు ఆమె చూడడానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. అప్పటికి మీ పుణ్యమా అని సినిమాకు పేరొచ్చింది, ఎక్కడెక్కడి పిల్లలో అతనికి ఫోన్లు చేస్తున్నారు. అతను ఆమె చేయి పట్టుకొని, "ఇంక చెప్పుకో ఎస్తేరూ, నాదేముండాది" అన్నాడు. ఆమె అంది, "ఎవురికి చెప్పేదన్నా ఇప్పుడు? తినాల్సినోళ్లు సగం మంది పోయినారు." జయచంద్ర గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇక ఈ రోజు సంగతి, ఆ తరవాత మీ భోజనాలు. హరినాథ్ సన్మానానికి పిలవడానికి ఫోన్ చేసినప్పుడు ఎస్తేరమ్మ రానంది. మళ్లీ మళ్లీ అడిగితే ఒక షరతు పెట్టింది. వస్తాను, ఇదే కడసారి, ఇంకెప్పుడూ ఆ సినిమా పేరు మీద నన్ను పిలవొద్దు, వచ్చిన రోజు మాత్రం సభకు సంగటి నేనే వండి తెస్తాను, నేనే వడ్డిస్తాను అంది. హరినాథ్ మంచి పిల్లవాడు, ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. కానీ అతను అది సరదా అనుకున్నాడు. పొద్దున ఆమె, కృపాకుమారి మొదటి బస్సులో ఇంజన్ పక్కన పెట్టుకొని పెద్ద సత్తుగిన్నె తెచ్చారు, గోనెసంచి చుట్టి, వేడి పోకుండా. అది చూసి మన పిల్లలు ఆహా, ప్రాపర్టీ బ్రహ్మాండంగా ఉంది మేడమ్ అని, దాన్ని వేదిక మీద పెట్టి, లోపల ఎర్ర బల్బు వేస్తామన్నారు. (కొందరు నవ్వారు) నవ్వండి. ఆమె కూడా నవ్వింది. గిన్నె వెనక వరండాలో పెట్టించి వచ్చి ఈ కుర్చీలో కూర్చుంది. భోజనానికి బయట బిర్యానీ వచ్చింది, దాని మీద 'మనిషి బిర్యానీ' అని ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. దాన్ని ఆమె చదివింది, చదవడం నేను చూశాను.

హరినాథ్, నువ్వు తల వంచుకోకు నాయనా. నీకు తెలియదు. తెలిసిన వాళ్లమే ఏమీ చేయలేకపోయాం.

గేటు దగ్గర ఆమెను అడిగాను, ఎస్తేరమ్మా, ఈ పొద్దు అంతా చెప్పేస్తా, చెప్పమంటావా అని. "చెప్పు అయ్యవారూ" అంది. "చెప్తే ఏమి లాభం అనుకోవాకు. చెప్పు. నేను మాత్రం వడ్డిస్తా. తినేటోళ్లు తింటారు."

వనజాక్షి గారూ, మీరు గడియారం చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. సంగటి చల్లారితే గట్టిపడుతుంది, నా ఉపన్యాసం ఎంత సాగితే ముద్ద అంత గట్టిపడుతుంది, కాబట్టి ముగిస్తాను. శాలువా కప్పారు, పళ్లబుట్ట ఇచ్చారు, ఈ అభిమాన సంఘానికి, పెద్దలకు, కష్టపడి ఈ సభ పెట్టిన కుర్రవాళ్లకు ఆమె తరఫున, పోయిన జయచంద్ర తరఫున నా ధన్యవాదాలు. ఆమె అడిగింది శాలువా కాదు. ఏమి అడిగిందో చెప్పాను. ఎవరినీ బలవంతం చేయను. బిర్యానీ వాసన నాకూ తగులుతోంది. చూసిన బొమ్మ కళ్లలోంచి అంత సులువుగా పోదని కూడా తెలుసు. సంగటి కోసం నా వెనక ఎవరూ వరుసలో నిలబడకపోయినా నేను ఆశ్చర్యపోను, ఆమె అసలే పోదు, ఆమెకు అది అలవాటే. మధ్యాహ్నం బస్సుకు గిన్నె అట్లాగే మోసుకొని పోతుంది, రాత్రికి వాళ్లిద్దరూ తింటారు.

ఎస్తేరమ్మా, లే తల్లీ, వరండాలోకి పోదాం. పాతికేళ్ల కిందట నీ వాకిట్లో కూర్చొని, ముందర అన్నం పెట్టుకొని, ఇదేం కూర అని అడిగినవాణ్ణి. ఈ రోజు ఏమీ అడగను. తింటాను.

సెలవు.